తేనెటీగకు తగిన యిల్లు
(తొలిసారి తేనెటీగలను పెంచువారు ఏ పెట్టెను ఎన్నుకొనవలెను?)



నేను ముప్పది నాలుగేండ్లు పల్లెటూరి పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. బాలవ్యాకరణము చెప్పుట నా వృత్తి. తేనెటీగలను పెంచుట ఉద్యోగము విడిచిన తరువాత పట్టుకొన్న వ్యాసంగము. ఈ రెండవదానిని గూర్చి ఈ పూట నాలుగు మాటలు చెప్పెదను. ఇవి పెంచు పిల్లలకే కాదు, వారు సలహా కొఱకు వచ్చునపుడు అరుగుమీద కూర్చుండి బదులు చెప్పవలసిన మనబోటి పెద్దలకును పనికివచ్చునని నా నమ్మకము.

నిరుడు మాఘమాసమున మా యూరి రైతు కుమారుడొకడు తండ్రిని వెంటబెట్టుకొని నా యింటికి వచ్చెను.

"మాస్టారూ, తేనెటీగలు పెంచుదామనుకుంటున్నానండి. ఇరవై పెట్టెలు కొనాలని ఉంది. ఏ పెట్టె మంచిదో మీరే చెప్పాలండి" అని అతడడిగెను.

"డబ్బు ఎక్కడిది నాయనా?" అంటిని. కుమారుడు మాటాడలేదు. తండ్రి తలవంచుకొని, "వాళ్ళమ్మ మెడలో నానుతాడుందిగదా పంతులుగారూ" అనెను.

ఆ ప్రశ్న చిన్నది. కాని దానికి నేనిచ్చు సమాధానముమీద ఒక యిల్లాలి మెడలోని బంగారము ఆధారపడి యున్నది. అంతే కాదు, ఆ ప్రశ్నలోనే ఒక పొరపాటు కలదు. ఏ పెట్టె మంచిదని అడుగుటకు ముందు, ఏ ఈగకు అని అడుగవలెను. ఆ పొరపాటు నేనును చేసితిని గనుకనే దానిని గుర్తింపగలిగితిని.

ఉద్యోగము విడిచిన మొదటి సంవత్సరమున నేనొక వర్తకునియొద్ద పెద్ద పెట్టె కొంటిని. అది పది చట్రములు పట్టునది, తెల్లరంగు వేసినది, చూచుటకు సొంపైనది. ఇంతకంటె మేలైన పెట్టె లేదని ఆయన చెప్పెను, నేను నమ్మితిని. పెట్టె ముందు కొని, ఈగలను తరువాత వెదకితిని. మా తోటలోని చింతచెట్టు తొఱ్ఱలో పుట్టతేనె పట్టొకటి యుండగా, తెలిసినవానిచేత తీయించి ఆ పెట్టెలో పెట్టించితిని. ఈగలు నాలుగు చట్రములను మాత్రమే ఆక్రమించుకొనెను. తక్కిన ఆఱును పాడుపడిన యింటి గదులవలె ఉండెను. అవి కట్టిన పట్టులైనను చట్రములకు అమరక, ఒక చట్రమునుండి మఱియొక చట్రమునకు అడ్డముగా సాగెను. ఒకనాడు చూతమని ఒక చట్రమును పైకి లాగగా రెండు పట్టులు విరిగి, తేనెయు పిల్లలును నేలపాలయ్యెను. ఖాళీ మూలలలో మైనపు పురుగు చేరెను. జ్యేష్ఠమాసపు టెండలలో ఒక ఉదయమున మూత తీసి చూడగా పెట్టెలో ఒక్క ఈగయు లేదు.

పెంచినవానిని విడిచిపోవు కృతఘ్నపు జాతి యని ఈగలను నిందించితిని. దోషము నాదని తెలిసికొనుటకు ఒక యేడు పట్టెను. ఆ పెట్టె చెడ్డది కాదు. అది వేఱొక ఈగ కొఱకు చేసినది. ఎనిమిదేండ్ల బాలుని కాళ్ళకు తండ్రి చెప్పులు తొడిగి, వీడు నడువలేడని కోపించినట్లు చేసితిని.

కావున మొదట ఈగలను గూర్చి చెప్పెదను.

మన దేశమున తేనె కూర్చు ముఖ్యమైన ఈగలు నాలుగు. మొదటిది కొండ తేనెటీగ. ఇది కొండచరియల క్రిందను, మఱ్ఱి మొదలగు మహావృక్షముల కొమ్మలకును బహిరంగముగా ఒకే పెద్ద పట్టును కట్టును. రెండవది చిన్న తేనెటీగ. ఇది పొదలలో సన్నని రెమ్మకు అరచేయంత పట్టును కట్టును. ఈ రెండును వెలుతురులో ఒక్క పట్టుతో బ్రతుకునవి. వీనిని ఏ పెట్టెలోను నిలుపలేము. వీనికి పెట్టె అమ్మెదమని ఎవరైన వచ్చినయెడల మర్యాదగా మజ్జిగ యిచ్చి పంపివేయుడు.

మూడవది పుట్టతేనెటీగ. పుట్టలలోను, చెట్ల తొఱ్ఱలలోను, పాతగోడల సందులలోను చీకటియందు ప్రక్కప్రక్కగా అనేకమైన పట్టులను కట్టును. నాలుగవది ఐరోపా తేనెటీగ. ఇదియు అట్లే చీకటిలో పెక్కు పట్టులు కట్టునది. కాని పరదేశమునుండి తేబడినది. 1962లో అప్పటి పంజాబులో చేరియుండి యిప్పుడు హిమాచలప్రదేశములో నున్న నగ్రోటాలో ఇది మొట్టమొదట కుదురుకొనినది. పిమ్మట దేశమంతట వ్యాపించినది. పెట్టెలో పెంచదగినవి ఈ రెండే.

ఈగను బట్టి తేనెను గుర్తించుట మన పెద్దలకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలో తేనె ఎనిమిది విధములుగా చెప్పబడినది. మాక్షికము, భ్రామరము, క్షౌద్రము, పౌత్తికము అను పేళ్ళు ఈగల తెగలనుబట్టి వచ్చినవే. ఆ దృష్టియే మనకును కావలెను: ముందు ఈగ, తరువాత పెట్టె.

ఇక పెట్టెయనగా నేమి? నా బాల్యమున మా తండ్రిగారు పెరటి చూరు క్రింద పాత కుండ నొకదానిని వ్రేలాడగట్టి, మూతికి చిల్లుగల మూకుడు బిగించి యుంచిరి. వసంతకాలమున ఈగలు తామే వచ్చి చేరెడివి. తేనె తీయుదినమున రాత్రివేళ పొగబెట్టి, మూకుడు విప్పి, కత్తితో పట్టులన్నియు కోసి, గుడ్డలో వేసి పిండెడివారు. నేను దీపము పట్టుకొని నిలువబడెడివాడను. తేనెతోబాటు తెల్లని పిల్లపురుగులును ఆ గుడ్డలో నలిగిపోవుట నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది. మఱునాడు మిగిలిన ఈగలు కుండ చుట్టు తిరిగి తిరిగి ఎటో పోయెడివి. మా తండ్రిగారు దయలేనివారు కారు. కుండలో ఏ పట్టున తేనె కలదో, ఏ పట్టున పిల్లలు కలవో చూచి, ఒకదానిని తీసి ఒకదానిని ఉంచుటకు మార్గము లేకుండెను.

ఆ మార్గము కొఱకు పశ్చిమదేశములవారు చిరకాలము శ్రమించిరి. స్విట్జర్లాండు దేశమున ఫ్రాంస్వా హ్యూబరు అను పండితు డుండెను. ఆయన అంధుడు. తన సేవకుడైన బుర్నెన్సు కన్నులతో చూచి చెప్పగా, తాను బుద్ధితో గ్రహించి, పుస్తకపు పుటలవలె తెఱచి చూడదగిన పెట్టెను చేయించి, తన పరిశోధనలను 1792లో ప్రకటించెను. తరువాత అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను మతగురువు 1851లో అసలు మర్మమును కనిపెట్టెను. పట్టునకును పట్టునకును, పట్టునకును గోడకును నడుమ ఈగ తిరుగుటకు తగినంత సందును విడిచినచో ఈగలు దానిని బాటగా ఉంచుకొనును. సందు మఱీ చిన్నదైనచో ఐరోపా ఈగలు దానిని జిగురుతో పూడ్చును. పెద్దదైనచో అందు అడ్డుపట్టు కట్టును. సరియైన సందు సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు, అనగా మన చిటికెనవ్రేలి మందమునకంటె తక్కువ. ఈ సందును నాలుగువైపుల విడిచి, చట్రములను పెట్టెలో వ్రేలాడదీసినయెడల ఏ చట్రమునైన విరుగకుండ పైకి తీయవచ్చును. పిల్లలున్న పట్టును తిరిగి లోపల పెట్టి, తేనె పట్టును మాత్రము తీసికొనవచ్చును. నేటి పెట్టెలన్నిటికిని ఈ సందే ప్రాణము. మా తండ్రిగారి గుడ్డలో పిల్లలు నలుగుటకు కారణము ఈ సందు లేకపోవుటయే.

ఇప్పుడు మనకు దొరకు ఇండ్లను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది కుండ, బోలుదుంగ, గోడగూడు. ఖర్చు లేదు, ఈగకు సుఖమే. కాని లోపల ఏమి జరుగుచున్నదో తెలియదు. పట్టును కోయక తేనె రాదు. ఈగలను ఆకర్షించి పట్టుటకు కుండ మంచిది, పెంచుటకు కాదు.

రెండవది పైబద్దల పెట్టె. ఏటవాలు గోడలుగల తొట్టిపై బద్దలను వరుసగా పఱచుదురు. ఒక్కొక్క బద్దకు ఒక్కొక్క పట్టు వ్రేలాడును. ఈ తీరు బుట్టలు గ్రీసుదేశమున వాడుకలో నున్నట్లు వీలర్ అను ఆంగ్ల యాత్రికుడు 1682లో వ్రాసియున్నాడు. 1970 తరువాత ఆఫ్రికాలోని కెన్యాలో దీనిని చక్కదిద్ది ప్రచారము చేసిరి. ఊరి వడ్రంగి సులభముగా చేయగలడు. పట్టులను పైకెత్తి చూడవచ్చును. కాని పట్టునకు నాలుగువైపుల చట్రము లేదు గనుక పైకెత్తునపుడు నిలువుగానే పట్టవలెను. ప్రక్కకు వంచినచో విరుగును. తేనెను యంత్రములో త్రిప్పి తీయుటకు వీలుకాదు, పట్టును కోయవలసినదే. ఈగలు మైనము చేయుటకు దానికి అనేక రెట్ల తేనెను తినవలెను గనుక తిరిగి పట్టు కట్టుటలో తేనె తగ్గును. చేయి స్థిరముగల ఓర్పరికి ఇది తగును.

మూడవది న్యూటన్ పెట్టె. ఈ న్యూటన్ చెట్టునుండి పండు పడుట చూచిన శాస్త్రజ్ఞుడు కాడు. 1911 ప్రాంతమున మన దక్షిణదేశమున నివసించి, ఇక్కడి పుట్టతేనెటీగ కొలతలను గమనించి దానికి తగిన పెట్టెను కల్పించిన క్రైస్తవ మతగురువు. ఇందు పిల్లల గదిలో ఏడు చట్రములుండును. చట్రము లోపల సుమారు ఎనిమిదంగుళముల నిడివి, ఆఱంగుళములకు తక్కువ లోతు. దానిపై తేనె గది యుండును. అందలి చట్రములు సగము లోతుగలవి. రాణి క్రింద గ్రుడ్లు పెట్టుచుండును. ఈగలు మిగులు తేనెను పైగదిలో దాచును. మనము పైదానినే తీసికొందుము. గది చిన్నది గనుక చిన్న కుటుంబము దానిని నింపగలదు, కాపాడుకొనగలదు. మైనపు పురుగునకు ఖాళీ దొరకదు. పెట్టె తేలిక, ముదుసలియైనను ఎత్తగలడు.

నాలుగవది లాంగ్‌స్ట్రాత్ పెట్టె. పది చట్రములు, ఒక్కొక్కటి సుమారు పదునెనిమిదంగుళముల నిడివి, తొమ్మిదంగుళముల లోతు. ఐరోపా ఈగలు వేలకు వేలుగా పెరిగి దీనిని నింపును. నేను కొన్నది ఇదియే.

ఈ చివరి రెండింటికిని పరిమాణములోనే గాక మఱియొక భేదము కలదు. పుట్టతేనెటీగ ఒక పట్టు నడిమినుండి ప్రక్క పట్టు నడిమికి ఒకటింబావు అంగుళము దూరముంచును. ఐరోపా ఈగకు ఒక అంగుళమును మూడు పరకలును, అనగా ముప్పదియైదు మిల్లీమీటర్లు కావలెను. చూపునకు ఇది అల్పమైన భేదము. కాని నా పెట్టెలో పట్టులు అడ్డముగా సాగుటకు కారణము ఈ అల్పభేదమే. చట్రమునకు అతికించు మైనపు అచ్చురేకును ఇట్లే: ఐరోపా ఈగ గదులు పెద్దవి గనుక దాని రేకు మన ఈగకు పనికిరాదు.

అయిన ఏ ఈగను ఎన్నుకొనవలెను? ఐరోపా ఈగ తేనె అనేక రెట్లు అధికముగా ఇచ్చుననుట నిజము. కాని అది తనంత తాను ఇయ్యదు. పూలున్నచోటికి పెట్టెలను బండిమీద త్రిప్పవలెను. పూలు లేనినాళ్ళలో పంచదార పాకము పోయవలెను. పురుగుపై నంటుకొను నల్లివంటి పురుగులను కనిపెట్టుచుండవలెను. పొద్దుతిరుగుడు, నువ్వులు మొదలగు పంటల వెంట తిరుగగల బలము, పెట్టుబడి, అనుభవము ఉన్నవారికి అది వ్యాపారము. పుట్టతేనెటీగ సాధారణముగా ఏటికి కొన్ని కిలోల తేనె మాత్రమే యిచ్చును. కాని మన వేపపూత, చింతపూత, కానుగపూత, కొబ్బరిపూత దానికి తెలిసినవి. ఆ నల్లులతో అనాదిగా కాపురము చేయుచున్నది. అరకులోయలో అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వలిసెపూలు పసుపు పఱచినట్లుండు కాలమున దీని పని చూడవలెను. దీని దోషము ఒక్కటే: ఎండ, ఆకలి, చీమలు, మాటిమాటికి మూత తీయుట — వీనిని సహింపక ఇల్లు విడిచిపోవును. ఆ దోషమే మొదటి గురువు. దానిని నిలుపుకొన్నవాడు ఏ ఈగనైన నిలుపుకొనగలడు.

కావున ఊరు కదలక పెరటిలో మొదటిసారి పెంచువారికి పుట్టతేనెటీగయు, దానికి న్యూటన్ తరహా పెట్టెయు మేలని నా అభిప్రాయము. ఊరిలో ఐరోపా ఈగను పెంచు అనుభవజ్ఞు డుండి, ఆయన వెంట ఒక యేడు తిరుగుటకు సిద్ధమైనచో లాంగ్‌స్ట్రాత్ పెట్టె కొనుడు. ఒక పెట్టెలో ఒక ఈగకు బదులు మఱియొకదానిని మాత్రము పెట్టకుడు.

పెట్టె కొనునపుడు చూడవలసినవి కొన్ని కలవు. వర్తకుని మాట వినుటకు ముందు కొలబద్ద తీయుడు. చట్రమునకును గోడకును నడుమ ఎనిమిది మిల్లీమీటర్ల సందు అన్నివైపుల ఉన్నదా? చట్రముల నడిమి దూరము మీ ఈగకు సరిపోవునా? ఒక చట్రమును తీసి వేఱొక పెట్టెలో పెట్టిన అమరునా? కఱ్ఱ బాగుగా ఆఱినదై, ఘాటైన వాసన లేనిదై ఉండవలెను. రంగు వెలుపల మాత్రమే, లోపల కూడదు. ఊరిలో ఇదివఱకే ఎవరైన పెంచుచున్నచో వారి కొలతయే మీ కొలత కావలెను. ఇతరమైన మేలు ఎంత యున్నను వేఱు కొలత పెట్టె కొన్నవాడు ఒంటరివాడగును. అతనికి అక్కఱ వచ్చినపుడు ఒక చట్రమైన ఎరువు దొరకదు.

పెట్టెలు రెండు కొనుడు. ఒకటి వలదు, ఇరువది వలదు. ఒకటి వలదనుటకు హేతువు చెప్పెదను. ఒక పెట్టెలో రాణి చచ్చినయెడల, రెండవ పెట్టెనుండి గ్రుడ్లును లేత పిల్లలును గల చట్రమొకటి తీసి అందులో పెట్టినచో, ఈగలు ఆ పిల్లలలో ఒకదానిని ప్రత్యేకముగా పోషించి క్రొత్త రాణిని చేసికొనును. పెట్టెలు ఒకే కొలతవి అయినప్పుడే ఇది సాధ్యము. ఇరువది వలదనుటకు హేతువు నా కథయే.

పెట్టెను రెండడుగుల యెత్తు కాళ్ళపీటపై, చెట్టునీడలో, వాకిలి తూర్పుగా, మనుష్యులును పశువులును నడచు బాటకు ఎడముగా ఉంచుడు. పీటకాళ్ళ క్రింద నీటి మూకుళ్ళు పెట్టినచో చీమలు ఎక్కవు. దాపున త్రాగునీ రుంచుడు. కుట్టుటవలన కొందఱికి ఊపిరాడక ప్రాణాపాయము కలుగవచ్చును గనుక అట్టి శరీరతత్త్వము గలవారు ఈ పనికి దూరముగా నుండవలెను. ఎవరికైన కుట్టినపిమ్మట ఆయాసము, ముఖము వాచుట కనబడినచో తడయక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను.

పట్టు కొనునపుడు పిల్లలను చూచి కొనుడు. 1991–92 సంవత్సరములలో థాయి సంచిరోగ మనునది దక్షిణదేశమున పుట్టతేనెటీగలను ఊళ్ళకు ఊళ్ళుగా తుడిచిపెట్టెను. అది సోకిన పిల్లపురుగు నీరునిండిన సంచివలె మారి చచ్చును. అట్టివి కనబడిన పట్టును కొనరాదు. ఆ పట్టును ఇంకొక పెట్టెలో పెట్టరాదు.

ఇక పెద్దలమైన మనము చేయదగిన పని యొకటి కలదు. పొలములలో పురుగుమందు పూతవేళ పగటిపూట చల్లినచో, ఎంత మంచి పెట్టెయైనను సాయంకాలమునకు శూన్యమగును. మందు తప్పనిసరియైనచో ఈగలు ఇల్లు చేరిన తరువాత చల్లుడని, ముందునాడే పెంచువారికి తెలుపుడని ఊరిలో కట్టడి చేయవచ్చును. ఆ మాట చెప్పిన వినబడునది మన నోటినుండియే.

ఆ రైతు కుమారునికి నేను ఇదియంతయు చెప్పి, నా ఖాళీ పెట్టెను తీసికొనివచ్చి చూపితిని. "నాయనా, ఇది నా గురుదక్షిణ. నువ్వు మళ్ళీ చెల్లించనక్కర్లేదు" అంటిని. తండ్రి నవ్వెను, కుమారుడు నవ్వలేదు. ఇరువది పెట్టెల లెక్క అంతదాక వాని మనస్సులో నుండెను. అయినను ఫాల్గుణమున రెండు న్యూటన్ పెట్టెలే కొనెను. శ్రావణపు ముసురులో పూలు లేక ఒక పట్టు లేచిపోయెను. పాకము పోయుట ఆలస్యము చేసితినని తానే వచ్చి చెప్పెను; నేనేమియు అనలేదు. రెండవది నిలిచినది. ఈ యేడు ఆ పట్టును విభజించి, ఖాళీయైన పెట్టెను తిరిగి నింపుకొన్నాడు. మొదటి తేనె ఒక చిన్న సీసాలో మా యింటికి తెచ్చినపుడు వాని తల్లియు వెంట వచ్చెను. నానుతాడు ఆమె మెడలోనే యున్నది.

మీ యరుగుమీదకును ఇట్టి పిల్లవా డెవడైన రావచ్చును. ఏ పెట్టె యని అడిగినపుడు, ఏ ఈగ యని తిరిగి అడుగుడు. తక్కినది ఈగయే నేర్పును.

స్వస్తి.